సంత చెప్పిన వంట



బుధవారం చాటికోన, శుక్రవారం కుందులి. మొదటిది రాయగడ జిల్లాలో నియమగిరి కొండల కింద, రెండోది కొరాపుట్ పీఠభూమి మీద. ఈ జిల్లాల్లో కాపురమున్న తెలుగువాళ్ళని ఎవరినైనా "ఈ వారం ఏం వండుతున్నారమ్మా" అని అడగండి. "సంతకెళ్ళొచ్చాక చెబుతాం" అంటారు. వంకాయ, బెండకాయ, టమాటా మాకూ ఏడాది పొడుగునా దొరుకుతాయి. లారీల మీద వస్తాయి, రాయగడ మార్కెట్టులో కుప్పలు పోసి ఉంటాయి. కాని సంతలో ఒక పక్కగా, తెల్లవారకముందే కొండ దిగి నడిచొచ్చిన డొంగ్రియా కొంధు ఆడవాళ్ళు అడ్డాకు పరిచి పోసుకున్న ఆగాకరకాయలు మాత్రం కొద్ది వారాలే. ఇవాళ చూసి, వచ్చే వారం కొందాంలే అనుకుంటే, వచ్చే వారం ఆ అడ్డాకు మీద ఇంకేదో ఉంటుంది.

ఈ పూట నేను మాట్లాడేది ఆ కొద్ది వారాల వంట గురించి. లారీ కూరలకు ఋతువు లేదు, కాబట్టి వాటి గురించి చెప్పుకోవడానికీ పెద్దగా ఏమీ లేదు.

దూరపు శ్రోతలకు ముందుగా మా చోటు ఎక్కడో చెప్పాలి. "మీరంతా ఒడిశాకి ఎప్పుడు వెళ్ళారు" అని మైదానం వాళ్ళు అడుగుతుంటారు. మాలో చాలామందిమి ఎక్కడికీ వెళ్ళలేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమయ్యేదాకా జయపురం సంస్థానం మద్రాసు రాజధానిలో, విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి అండగా నిలిచిన విక్రమదేవ వర్మ ఈ జయపురం మహారాజే. తర్వాత్తర్వాత రాయగడ పక్క కాగితం మిల్లు, సునాబెడలో విమాన ఇంజన్ల ఫ్యాక్టరీ, దమన్‌జోడిలో నాల్కో వచ్చి, ఉద్యోగాల మీద ఇంకొందరు చేరారు. 1992 అక్టోబర్ 2న రాయగడ కొరాపుట్ నుంచి విడిపోయి సొంత జిల్లా అయింది. జిల్లాలు, రాష్ట్రాలు మారాయి గాని నీళ్ళు మారలేదు. నాగావళి రాయగడ మీదుగా పార్వతీపురం వైపు దిగి శ్రీకాకుళం దాటి సముద్రంలో కలుస్తుంది. వంశధార గుణుపురం పక్కనుంచి పోయి కళింగపట్నం దగ్గర కలుస్తుంది. ఆ దారుల వెంటే చింతపండు, పసుపు, కొండ చీపుళ్ళు కిందికి దిగుతాయి. ఉప్పు, ఎండు మెత్తళ్ళు పైకెక్కుతాయి. కాబట్టి మా వంట శ్రీకాకుళం వంటే, కొండ తగిలిన శ్రీకాకుళం వంట.

ఆ కొండ కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. రాయగడ ఊరు సముద్రమట్టానికి రెండు వందల మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంటే, కొరాపుట్ తొమ్మిది వందల మీటర్లకు దగ్గర. పుష్యమాసంలో రాయగడలో తెల్లారేసరికి పొంగే ఇడ్లీ పిండి కొరాపుట్‌లో మధ్యాహ్నానికి కూడా కదలదు. అక్కడి అత్తగారు పిండి గిన్నెకి దుప్పటి కప్పుతుంది, ఇక్కడి కోడలు అది చూసి నవ్వుతుంది.

ఇక ఋతువుల్లోకి వద్దాం. పంచాంగం ఉగాదితో మొదలైనా నేను వానలతో మొదలుపెడతాను, ఎందుకంటే మా సంత అసలు రంగు వానల్లోనే కనబడుతుంది.

ఆషాఢంలో నాలుగు వానలు పడ్డాక వెదురు కొమ్ములు దిగుతాయి. ఒడియావాళ్ళు కరడి అంటారు. భూమిలోంచి మూరెడు లేచిన లేత మొలకను కోసి తెస్తారు. పొరలు పొరలుగా తొక్క ఒలిస్తే లోపల మెత్తని తెల్ల కండ. పచ్చి కొమ్ము చేదుగా ఉంటుంది. అది ఊరికే నోటికి చేదు కాదు, కర్రపెండలంలో ఉండే జాతి విషమే, అందులోంచి సైనైడు పుడుతుంది. అందుకే పల్చగా తరిగి రాత్రంతా నానేసి, పొద్దున్న ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళతో ఉడికించి, ఆ నీళ్ళు కూడా పారబోస్తారు. ఉడికించేటప్పుడు గిన్నెమీద మూత పెట్టకూడదు. విషం ఆవిరితో పోవాలి గాని మూతకు తగిలి మళ్ళీ గిన్నెలోకి రాకూడదు. కొండమీది అవ్వకు సైనైడు పేరు తెలియకపోవచ్చు, మూత మాత్రం ఎన్నడూ పెట్టదు.

అంతవరకూ చేశాక అది మన చేతి కింద వస్తువు. పనసపొట్టుకు ఆవ పెట్టడం వచ్చినవాళ్ళకు ఇదేమీ కొత్త కాదు. ఎండుమిర్చి తాలింపులో కొమ్ములు వేయించి, కాస్త బియ్యప్పిండి జల్లి, దించాక నూరిన ఆవ కలపడమే. మా ఇంట్లో ఎండ్రొయ్యలు కూడా పడతాయి. కొండవాళ్ళయితే కొమ్ములు దంచి, కుండలో పులియబెట్టి, ఎండలో ఆరబెట్టి ఏడాదంతా వాడుకుంటారు. ఆ వాసన మొదట్లో మన ముక్కుకు పడదు, దాచడమెందుకు. అయినా పప్పులో చిటికెడు వేసి చూడండి. చింతపండు లేకుండా పులుపు ఎలా వస్తుందో తెలుస్తుంది.

పుట్టగొడుగులూ ఈ వానల్లోనే. వాటి మీద నేను సలహా ఇవ్వను. ఏది తినాలో ఏది తినకూడదో రేడియోలో విని నేర్చుకునే విద్య కాదది. తెలిసిన మనిషి దగ్గర, తెలిసిన రకమే కొనండి.

పనసపళ్ళు ఆషాఢం దాకా ఉంటాయి. తొనలు పిల్లలకు, పిక్కలు వంటింటికి. కడిగి, నీడన ఆరబెట్టి, బూడిదలోనో ఇసకలోనో కప్పెడితే శ్రావణమంతా కూరకు వెతుక్కోనక్కర్లేదు. ఆగాకరకాయ ముక్కలు, ఉడికించి చితక్కొట్టిన పనస పిక్కలు కలిపి వేపుడు చేస్తే, అన్నంలోకి ఇంకేమీ అడగరు.

అనాసపళ్ళు కూడా ఇదే కాలంలో నియమగిరి నుంచి దిగుతాయి. ముక్కలు కోసి, బెల్లం, ఆవాలు, ఎండుమిర్చితో తియ్యపుల్లగా ఉడికించడం ఒడియా ఇళ్ళలో నేర్చుకున్నాం. వాళ్ళు ఖట్టా అంటారు. ఈ నియమగిరి మీద బాక్సైటు తవ్వాలా వద్దా అని 2013లో సుప్రీంకోర్టు గ్రామసభలనే తేల్చమంటే, సభ జరిగిన పన్నెండు ఊళ్ళూ వద్దన్నాయి. దేవుడి కొండ అన్నారు. ఆ మాట నిజమే. అనాస, పసుపు, అల్లం, పనస, అరటి అమ్మి ఆ డబ్బుతో ఉప్పు, బట్ట కొనుక్కునే ఇళ్ళకు ఆ కొండే పొలం కూడా. ఈ సంగతి తెలియడానికి వార్తలు చదవక్కర్లేదు, బుధవారం సంతకు వెళ్తే చాలు.

వానాకాలాన్ని ఇలా కమ్మటి కూరల పేర్లతో ముగిస్తే అబద్ధం చెప్పినట్టవుతుంది. ఆషాఢ శ్రావణాలు కొండమీద గాదెలు అడుగంటే నెలలు. పాత చోళ్ళు అయిపోతాయి, కొత్త పంట ఇంకా పసి మొక్కగా ఉంటుంది. ఆ సందులో ఆదుకునేవి అడవి దుంపలు, ఆకుకూరలు, మామిడి టెంకలు. ఎండాకాలంలో పళ్ళు తిన్నాక టెంకలు ఎండబెట్టి, పగలగొట్టి, లోపలి జీడి తీసి దంచి, మూటగట్టి పారే ఏట్లో రోజుల తరబడి ఉంచుతారు. వగరంతా నీళ్ళతో పోతుంది. మిగిలిన పిండితో అంబలి కాస్తారు. టెంక సరిగ్గా ఎండకపోయినా, నిల్వలో బూజు పట్టినా అది ప్రాణం తీస్తుంది. 2001లో రాయగడ జిల్లా కాశీపూర్ ప్రాంతంలో ఆ అంబలి తాగి గిరిజనులు చనిపోయారు. దేశమంతా ఆ వార్త మారుమోగింది. తిండి వికటించడం వల్ల అని ప్రభుత్వం, ఆకలి వల్ల అని ఉద్యమకారులు వాదించుకున్నారు. గింజ ఉన్న ఇంట్లో బూజు పట్టిన టెంకను ఎవరూ వండుకోరు కదా అని నాకప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తుంది. 2024లో పక్కనున్న కంధమాల్ జిల్లాలో అలాంటి మరణాలే మళ్ళీ విన్నాం.

ఊళ్ళో పండిందే, ఆ కాలంలో దొరికిందే తినాలన్న మాట ఇప్పుడు పట్నాల్లో గట్టిగా వినబడుతోంది. మంచి మాటే. ఏమీ దొరకని కాలం కూడా ఒకటుంటుందని గుర్తుంచుకుని ఆ మాట అనాలి. మా వైపు వంటలో సగం విద్య ఆ కాలాన్ని దాటడానికే పుట్టింది. ఎండబెట్టడం, పులియబెట్టడం, ఉప్పులో ఊరవెయ్యడం, బూడిదలో కప్పెట్టడం, ఇవేవీ రుచి కోసం మొదలైనవి కావు. రుచి తర్వాత వచ్చి చేరింది.

భాద్రపదం నుంచి గాలి మారుతుంది. పోడు పొలంలో విత్తనం వేసేటప్పుడే కొండవాళ్ళు అన్నీ కలిపి వేస్తారు, సామలు, చోళ్ళు, జొన్నలు, కందులు, బొబ్బర్లు, ఆముదాలు. వెయ్యడం ఒక్కసారే, కొయ్యడం మాత్రం నెలల తరబడి. ముందు సామ పండుతుంది. కార్తీకానికి చోళ్ళు, ఆ వెనక జొన్న, చలి తగ్గుతుండగా కంది. ఒక్క పొలమే ఇంటికి వంతులవారీగా గింజ అందిస్తుంది. వాన ముందే వచ్చినా, వెనకబడ్డా ఏదో ఒకటి చేతికొస్తుంది. వ్యవసాయ శాస్త్రజ్ఞులు దీన్ని మెచ్చుకుని పుస్తకాలు రాశారు. కొరాపుట్ సంప్రదాయ సాగును ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2012లో ప్రపంచ వారసత్వ వ్యవసాయంగా గుర్తించింది.

కొత్త గింజ ఏదైనా సరే, దేవతకు, పెద్దలకు పెట్టకుండా నోట పెట్టుకోరు. కొంధులు, జాతాపులు, సవరలు అందరిలోనూ ఈ కట్టడి ఉంది. పార్వతీపురం, సీతంపేట వైపు తెలుగులో వీటిని కొత్తలు అంటారు. సామ కొత్తలు, కంది కొత్తలు, మామిడి కొత్తలు. భక్తి సంగతి అటుంచి, వంటింటి మనిషిగా నాకు ఇందులో ఇంకొకటి కనబడుతుంది. పండకముందే తొందరపడి కోసుకునేవాడు, ఉన్నవాడు కాబట్టి ముందుగా తినేవాడు ఉండకుండా, ఊరందరికీ ఒకేరోజు కొత్త రుచి మొదలవుతుంది.

చోళ్ళ మాటొచ్చింది కాబట్టి అంబలి. కొరాపుట్‌లో మండియా పేజ్ అంటారు. ముందురోజు సాయంత్రం చోడిపిండిని నీళ్ళలో జారుగా కలిపి మూతపెడితే తెల్లారికి పులుస్తుంది. గుప్పెడు నూకలు బాగా మెత్తగా ఉడికాక ఆ పులిసిన పిండి పోసి, అడుగంటకుండా కలుపుతూ ఉండాలి. ముద్దలు కట్టకుండా చూడటమే ఇందులో ఉన్న పనితనమంతా. వేడిగా తాగేది కాదిది. చల్లారనిచ్చి, మరీ మంచిది మర్నాడు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి నంజుకుని తాగాలి. ఒడిశా ప్రభుత్వం 2017లో చిరుధాన్యాల మిషన్ మొదలుపెట్టాక చోళ్ళకు మద్దతు ధర, గౌరవం రెండూ పెరిగాయి. ఇప్పుడు చోడిపిండి బిస్కట్లు, కేకులు వస్తున్నాయి. రానీండి. కాని రంగు డబ్బాలో పావుకిలో పిండికి అడిగినంత ఇచ్చి, సంతలో అదే పిండి అమ్మే మనిషితో రెండు రూపాయల కోసం బేరమాడే మనలాంటివాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

మార్గశిరానికి వరి కోతలు. ఈ జయపురం ప్రాంతం వరికి పుట్టినిళ్ళలో ఒకటి అంటారు. 1950ల చివర్లో ఇక్కడ సర్వే చేసినవాళ్ళు పదిహేడు వందల పైచిలుకు వరి రకాలు సేకరించారు. జయపురం దగ్గరి పత్రపుట్ ఊళ్ళో కమలా పూజారి గారు బడి చదువు లేకుండానే వందల రకాల విత్తనాలు కాపాడి 2019లో పద్మశ్రీ అందుకున్నారు. 2024లో ఆవిడ వెళ్ళిపోయారు. అదే ఏడాది జనవరిలో కొరాపుట్ కాలాజీరా బియ్యానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. పొట్టు నల్లగా జీలకర్రలా కనబడే పొట్టి గింజ, ఎసట్లో పడితే వీధి చివరికి వాసన. కాలాజీరాతో దయచేసి పులిహోర చెయ్యకండి, చింతపండు ఆ వాసనను మింగేస్తుంది. పరమాన్నం చెయ్యండి. లేదా ఉత్త ముద్దపప్పు, నెయ్యి.

చలికాలం గురించి ఎక్కువ చెప్పను, చెప్పకపోయినా మీకు తెలుసు. కుందులి సంతలో గోబీ, క్యాబేజీ, బంగాళాదుంప, అల్లం గుట్టలుగా పడతాయి. వలిసె పూలతో కొండలు పచ్చబడి, వలిసె నూనె వస్తుంది. పచ్చి కంది కాయలు ఉప్పేసి ఉడకబెట్టి, పొయ్యి దగ్గర కూర్చుని ఒలుచుకు తినడం ఈ కాలంలో మా సాయంత్రపు పని. ఒక్క వంటకం దగ్గర మాత్రం ఆగాలి. ఒడియావాళ్ళ ప్రథమాష్టమి మన లెక్కలో కార్తీక బహుళాష్టమి, వాళ్ళకది మార్గశిరం. ఆవేళ ఇంటి పెద్ద బిడ్డకు కొత్త బట్టలు కట్టి, ఎండూరి పీఠా చేస్తారు. బియ్యం, మినప్పప్పు రుబ్బిన పిండిని పసుపాకు మీద పరిచి, కొబ్బరి బెల్లం లౌజు పెట్టి, ఆకు మడిచి ఆవిరిమీద ఉడికిస్తారు. పసుపు దుంపలు తవ్వేముందు ఆకు ఇంకా పచ్చగా ఉండే కాలం కాబట్టి ఆ పండుగకు ఆ పిండివంట. పనసాకు బుట్టల్లో పొట్టిక్కలు వండిన మన ఆడవాళ్ళకు ఈ విద్య ఒక్కరోజులో పట్టుబడింది. మా వీధిలో ఇప్పుడు రెండు భాషల ఇళ్ళలోనూ ఆ పొద్దు పసుపాకు వాసనే.

మాఘం, ఫాల్గుణం చింతపండువి. చెట్టెక్కి దులిపేది మగవాళ్ళు, పెంకు కొట్టి, ఈనెలు లాగి, గింజ తీసేది ఆడవాళ్ళు, పిల్లలు. గింజతో ఉన్నదానికి ఒక ధర, తీసినదానికి ఒక ధర. ఆ తేడా చూస్తే రోజంతా కూర్చున్న నడుము నొప్పికి షావుకారు కట్టిన విలువ ఎంతో తెలుస్తుంది. ఇళ్ళకు కొనేవాళ్ళు గింజతో ఉన్నదే తెచ్చి తీరికగా తీసుకోవడం కంటే, తీసినది కొని ఆ పై ధర వాళ్ళకే ఇవ్వడం న్యాయమని నా ఉద్దేశం. తెచ్చాక ఒక ఎండ చూపించి, రాళ్ళ ఉప్పు చల్లుతూ జాడీలో గట్టిగా కూరితే వానల్లో పురుగు పట్టదు. కొత్త చింతపండు ఎర్రగా ఉంటుంది, పులిహోరకు పసుపు రంగు చెడదు. ఏడాది దాటి నల్లబడ్డది చారుకు, చేపల పులుసుకు బాగుంటుంది. రెండూ ఇంట్లో ఉండాలి.

ఆ కొత్త చింతపండుతోనే ఉగాది. చైత్రంలోనే కొరాపుట్ కొండల్లో చైత పరబ్. అమ్మవారికి పెట్టాకే మామిడికాయ ముడతారు. మనం వేపపువ్వు, మామిడి ముక్క, కొత్త చింతపండు కలిపి దేవుడి ముందు పెట్టాకే తింటాం కదా, అదీ కొత్తలే. కొండ మామిడి చిన్నది, పీచు ఎక్కువ, పులుపు దంచేస్తుంది. ఆవకాయకు పనికిరాదు, దానికి పార్వతీపురం నుంచి కాయ తెప్పించుకోవాల్సిందే. కొండకాయను ముక్కలు కోసి ఉప్పు రాసి ఒరుగులు పెట్టుకోండి. ఆషాఢంలో ఉట్టి కందిపప్పులో నాలుగు ముక్కలు వేస్తే ఇంక కూర అక్కర్లేదు.

ఇప్పుడు సంతలో ఉన్నది చింత చిగురు. ఎర్రగా, వేలికి తగిలితే నలిగిపోయేంత లేతది చూసి తీసుకోండి. కత్తితో కొయ్యకండి, అరచేతుల మధ్య నలిపి పుల్లలు ఏరెయ్యండి. నూనెలో ఎండు మెత్తళ్ళు వేయించి చిగురు వేస్తే అదొక కూర. పప్పులో వేసేవాళ్ళు పప్పు పూర్తిగా మెదిగాకే వెయ్యాలి. ముందే వేస్తే పులుపుకు పప్పు బిరుసెక్కి ఉడకదు. కొరాపుట్ శ్రోతలు ఇంకాస్త ఓపిక పట్టాలి. ఆ ఎత్తున నీళ్ళు తొందరగానే మరుగుతాయి గాని కందిపప్పు నిదానంగా ఉడుకుతుంది. కుక్కరుకు ఒక కూత ఎక్కువ రానివ్వండి.